మారిందే రాసుకునే గుమాస్తా

నా కంప్యూటర్‌లో ఒకే ఫోల్డర్‌లో రెండు వీడియోలున్నాయి. ఒకటి మా అన్నయ్య కూతురి పెళ్ళి. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా, బంధువుల ముచ్చట్లన్నీ కత్తిరించగా మిగిలిన 45 నిమిషాలు. రెండోది ఇంటర్ రెండో ఏడాది పిల్లల కోసం స్థిర విద్యుత్తు మీద నేను చెప్పిన పాఠం. తెర మీద 38 స్లైడ్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, నా గొంతు వినిపిస్తుంటుంది. అదీ 45 నిమిషాలే. రెండింటి కొలతా ఒకటే: అడ్డంగా 1920 చుక్కలు, నిలువునా 1080. పెళ్ళి 6 జీబీ దాటింది. పాఠం 70 ఎంబీ దగ్గర ఆగింది.

పెళ్ళన్నాక ఖర్చు తప్పదు కదా అని నవ్వి ఊరుకోవచ్చు. లెక్క వేసి చూస్తే మాత్రం ఆశ్చర్యం పెళ్ళి బరువు చూసి కాదు, పాఠం తేలికదనం చూసి కలుగుతుంది.

తెర అంటే చుక్కల ముగ్గు. 1920ని 1080తో గుణిస్తే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత పాళ్ళో చెప్పడానికి 3 బైట్లు కావాలి. అంటే ఒక్క బొమ్మకు 62 లక్షల బైట్లు. సెకనుకు 30 బొమ్మలనుకుంటే 18 కోట్ల 66 లక్షల బైట్లు. 45 నిమిషాలకు 504 జీబీ. నా కంప్యూటర్‌లో ఉన్న డిస్కు మొత్తమే 512 జీబీ. ఒక్క పాఠం పెడితే విండోస్‌కు కూడా చోటు ఉండదు.

ఆ 504 జీబీ 70 ఎంబీ అయింది. ఏడు వేల రెట్లకు పైగా కుదింపు. ఆ 70లో కూడా 43 ఎంబీ నా మాటలదే. బొమ్మల వాటా 27. ముప్పావు గంట సేపు తెర మీద కనిపించిందంతా కలిపినా, దాన్ని వివరించిన గొంతు కంటే తేలికగా ఉందన్నమాట. మా క్లాసులో ఈ మాట చెబితే వెనక బెంచీ నుంచి, "మీ మాటల బరువు మాకు ముందే తెలుసు సార్" అని వినిపించింది.

ఇంకో విధంగా చూడండి. సెకనుకు 30 చొప్పున ఆ వీడియోలో 81,000 ఫ్రేములు ఉన్నాయి. అందులో అసలు బొమ్మలు 38. ఈ రెండు అంకెల మధ్య ఏం జరుగుతోందో చూద్దాం.

కళ్ళు లేని కెమెరా

తెరను రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ తెరను చూడదు. దానికి కళ్ళు లేవు, కెమెరా లేదు. మానిటర్ ఆపేసి రికార్డింగ్ కొనసాగించినా చాలా కంప్యూటర్లలో వీడియో చక్కగా వస్తుంది. మనకు కనిపించే బొమ్మ గాజు మీదికి రాకముందే గ్రాఫిక్స్ మెమరీలో ఒకచోట తయారై ఉంటుంది. దాన్ని ఫ్రేమ్ బఫర్ అంటారు. మానిటర్ మామూలుగా సెకనుకు 60 సార్లు అక్కడికి వెళ్ళి, ఉన్నదాన్ని తెచ్చి మన ముందు పెడుతుంది. రికార్డర్ కూడా అక్కడికే వెళ్ళి ఒక నకలు తెచ్చుకుంటుంది.

ఒకప్పుడు ఈ నకలు తీయడం మోటుగా సాగేది. తెర మొత్తాన్ని ప్రతిసారీ మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా కాపీ చేసుకోవాల్సిందే. ఆ రోజుల్లో స్క్రీన్ రికార్డింగ్ మొదలుపెడితే కంప్యూటర్ ఎడ్లబండి అయిపోయేది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇంకో తమాషా ఉండేది. సినిమా నడుస్తుండగా తెరను ఫొటో తీస్తే సినిమా ఉన్నచోట నల్లటి చతురస్రం వచ్చేది. సినిమా బొమ్మ ఫ్రేమ్ బఫర్‌లోకి రాకుండా పక్కదారిన నేరుగా మానిటర్‌కు పోయేది కనుక నకలు తీసేవాడికి అది చిక్కేది కాదు.

2012లో వచ్చిన విండోస్ 8 ఈ పద్ధతిని మార్చింది. అప్పటి నుంచి ఆపరేటింగ్ సిస్టమే రికార్డర్‌కు బొమ్మతో పాటు ఒక చీటీ ఇస్తుంది: కిందటిసారికీ ఇప్పటికీ తెర మీద మారిన ముక్కలు ఇవి, ఒకచోట నుంచి ఇంకోచోటికి జరిగిన ముక్కలు ఇవి. స్లైడ్ మీద బాణం గుర్తు మెల్లగా కదులుతుంటే ఆ చుట్టుపక్కల నాలుగు అంగుళాల సంగతి తప్ప ఇంకేమీ పట్టించుకోనక్కర్లేదు.

బాణం గుర్తు అన్నాను కదా, దాని కథ వేరే. మౌస్ కర్సర్ చాలాసార్లు ఆ బొమ్మలో భాగమే కాదు. గ్రాఫిక్స్ కార్డు దాన్ని చివరి క్షణంలో, వడ్డించిన విస్తరి మీద నెయ్యి చుక్కలాగా, పైన వేస్తుంది. అందుకే కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ నొక్కితే వచ్చే ఫొటోలో కర్సర్ ఉండదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కర్సర్ కావాలా వద్దా అని విడిగా ఒక టిక్కు పెట్టేదీ అందుకే. నా మొదటి పాఠంలో "ఇదిగో, ఇక్కడ చూడండి" అని పదిహేనుసార్లు అన్నాను. ఎక్కడ చూడాలో చూపించే బాణం ఒక్కసారీ కనబడలేదు.

చిట్టా, ఆవర్జా

నకలు తెచ్చాక దాన్ని కుదించే పని ఎన్‌కోడర్‌ది. నేను దాన్ని గుమాస్తా అనుకుంటాను. కిరాణా కొట్టులో పద్దులు రాసే గుమాస్తా కొట్లో ఉన్న సరుకంతా గంటకోసారి మళ్ళీ మళ్ళీ రాయడు. ఏడాది మొదట్లో ఒకసారి నిల్వ రాసుకుంటాడు. ఆ తర్వాత చిట్టాలోకి ఎక్కేది మార్పే: ఇంత వచ్చింది, ఇంత పోయింది. ఏమీ రాకపోతే, పోకపోతే ఆ రోజు చిట్టాలో ఖాళీయే.

ఇప్పటికీ ఎక్కువ వాడుకలో ఉన్న హెచ్.264 అనే పద్ధతి 2003లో ఖరారైంది. ఇందులో గుమాస్తా తెరను 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు గల గళ్ళుగా విడగొడతాడు. అడ్డంగా 120 గళ్ళు. నిలువునా 1080ని 16తో భాగిస్తే 67న్నర. సగం గడి ఒప్పుకోదు కాబట్టి 68 వరసలు వేసుకుని, అంటే 1088 చుక్కలుగా లెక్క రాసి, అడుగున అదనంగా వచ్చిన 8 వరసలను చూపించవద్దని ఓ మాట జోడిస్తాడు. మనం చూసే ప్రతి ఫుల్ హెచ్‌డీ హెచ్.264 వీడియోకూ అడుగున, చీర కుచ్చిళ్ళలో మడిచిన అంచులాగా, ఆ 8 వరసలు దాగి ఉంటాయి.

మొత్తం 8,160 గళ్ళు. ప్రతి ఫ్రేముకూ ప్రతి గడి దగ్గరా గుమాస్తా ఒకే ప్రశ్న వేసుకుంటాడు: కిందటి ఫ్రేములో ఇదే చోట ఉన్నదానికీ దీనికీ తేడా ఉందా? లేకపోతే "దాటెయ్". అయితే దాటెయ్ అని 8,160 సార్లు రాయడు, "ఇక్కడి నుంచి ఇన్ని గళ్ళు దాటెయ్" అని గుంపుగా రాస్తాడు. కదలని స్లైడ్ మీద ఒక ఫ్రేము మొత్తం కొద్ది పదుల బైట్లలో తేలిపోతుంది. 62 లక్షల బైట్ల బొమ్మ, ఒక ఎస్సెమ్మెస్ బరువుతో.

గడిలో ఉన్నది మారలేదు గానీ జరిగింది అనుకోండి, అప్పుడూ మళ్ళీ గీయడు. "కిందటి ఫ్రేములో ఇంత దూరంలో ఉన్న ముక్కే ఇది" అని రెండంకెలు రాస్తాడు. పేజీని పైకి జరిపితే ఎంతో కదిలినట్టు మనకు అనిపిస్తుంది. గుమాస్తాకు అది చవక బేరం.

ఖరీదైనవి వేరే ఉన్నాయి. ఒక స్లైడ్ ఇసుక రాలినట్టు చెదిరిపోతూ ఇంకో స్లైడ్‌గా మారే విన్యాసం ఒకటుంది, కొత్తగా పీపీటీ నేర్చుకున్నవాళ్ళకు మహా ఇష్టం. అక్కడ ప్రతి గడీ ప్రతి ఫ్రేములోనూ మారుతుంది, ఏ గడీ పాత గడిని పోలదు. ఒకటిన్నర సెకన్ల ఆ అలంకారానికి అయ్యే ఖర్చుతో నాలుగైదు నిమిషాల కదలని స్లైడ్‌ను రాసి పెట్టవచ్చు. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఆ క్షణంలోనే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి కనిపించేది.

మార్పులు మాత్రమే రాస్తే ఒక చిక్కు ఉంది. పిల్లవాడు వీడియోను లాగి 31వ నిమిషానికి దూకాడనుకోండి. అక్కడ బొమ్మ ఏమిటో తెలియాలంటే మొదటి నుంచి అన్ని మార్పులనూ కూడుకుంటూ రావాలి. ఈ బాధ లేకుండా గుమాస్తా అప్పుడప్పుడు ఆగి నిల్వ మొత్తం తాజాగా రాస్తాడు. వీటిని కీఫ్రేములు అంటారు. ఎక్స్264 అనే పేరున్న ఎన్‌కోడర్‌ను దాని మానాన వదిలేస్తే ఎక్కువలో ఎక్కువ 250 ఫ్రేములకొకసారి, అంటే సెకనుకు 30 లెక్కన సుమారు 8 సెకన్లకొకసారైనా ఆ పని చేస్తుంది. స్లైడ్ ఒక్కసారిగా మారినప్పుడు, పాతదానితో పోల్చి లాభం లేదని గ్రహించి అక్కడా ఒకటి వేస్తుంది. నా 27 ఎంబీలో సింహభాగం ఈ కీఫ్రేములదే.

అక్షరం చుట్టూ దోమలు

ఒక గడిని తాజాగా రాయాల్సి వచ్చినప్పుడు కూడా గుమాస్తా చుక్క చుక్కా రాయడు. ఇక్కడ కొంచెం గణితం ఉంది. దాని వెనక మనవాళ్ళూ ఉన్నారు.

బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతుండేవారు. బొమ్మలోని ఒక ముక్కను చుక్కలుగా కాకుండా అలల మొత్తంగా రాయవచ్చన్నది ఆయన ఆలోచన. ముక్క సగటు వెలుగు ఎంత, దాని మీద నిదానంగా పారే అల ఎంత, కాస్త చురుకైన అల ఎంత, ఇలా. 1972లో ఈ పని కోసం అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగితే ఇవ్వలేదు. మరీ తేలిక విషయంలా ఉందని ఒక పరిశీలకుడు అన్నట్టు అహ్మద్ తర్వాత రాసుకున్నారు. ఆయన మానలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, స్నేహితుడు కె. ఆర్. రావుతో కలిసి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రచురించారు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం. ఆ రావుగారు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు మనదే. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాల పాటు పనిచేసి 2021లో కన్నుమూశారు. ఈ రోజు జేపెగ్ ఫొటో గానీ, వాట్సాప్‌లో వచ్చే వీడియో గానీ ఆ తేలిక విషయం లేకుండా లేదు.

అలలుగా రాయడంలో లాభం ఇది: మన కంటికి నిదానపు అలలు ముఖ్యం, అతి చురుకైన సన్న అలలు కొంచెం అటూ ఇటూ అయినా పట్టించుకోదు. గుమాస్తా సన్న అలలను సుమారుగా రాసి, లేదా అసలు రాయకుండా, బోలెడు చోటు మిగులుస్తాడు. మనిషి బుగ్గ, ఆకాశం, పట్టుచీర మడత, ఇవన్నీ నిదానపు అలలు. పెళ్ళికి ఈ పద్ధతి దివ్యంగా సరిపోతుంది.

అక్షరానికి సరిపోదు. తెల్ల కాగితం మీద నల్ల గీత అంటే ఒక్క చుక్క దూరంలో తెలుపు నలుపైపోవడం. అంత నిటారు అంచు నిలబడాలంటే సన్న అలలన్నీ కలిసి రావాలి. వాటిలో కొన్ని పోతే అంచు పక్కన బూడిదరంగు నలకలు తేలతాయి. ఇంజనీర్లు వీటికి పెట్టిన పేరే దోమల రొద. అక్షరం చుట్టూ దోమలు ముసిరినట్టే ఉంటుంది.

తెలుగుకు ఈ దోమల బెడద ఎక్కువ. మన లిపిలో ప్రాణం చిన్నచిన్న గీతల్లో ఉంటుంది. 'ద'కూ 'ధ'కూ, 'ప'కూ 'ఫ'కూ తేడా అడుగున ఒక చిన్న పుల్ల. 'కి', 'కీ'ల తేడా గుడి చివర ఒక మెలిక. ఒత్తులు అక్షరంలో సగం కూడా ఉండవు. పాఠం 1080లో రికార్డు చేశామని మనం సంతోషిస్తాం. డేటా మిగుల్చుకోవడానికి పిల్లవాడు ఫోనులో 360 మీద పెట్టి చూస్తాడు. కొలత మూడో వంతు అవుతుంది. నేను 24 చుక్కల ఎత్తున రాసిన అక్షరం అతని దగ్గరికి 8 చుక్కలై చేరుతుంది. అందులో 2 చుక్కల మందంగా ఉన్న పుల్ల ఒక చుక్కకూ నోచుకోదు. 'విధి' అన్నానో 'విది' అన్నానో చదివేవాడి ఊహ.

నేను పెట్టుకున్న కొలమానం ఒకటే. తయారైన వీడియోను చేతి ఫోనులో 360 మీద పెట్టి, కళ్ళద్దాలు లేకుండా చూస్తాను. ఒత్తు కనబడాలి. కనబడకపోతే ఆ స్లైడ్‌లో మాటలు ఎక్కువయ్యాయనే అర్థం.

ఎర్ర అక్షరాలు, నీలి వెనకతలం

బ్లాక్‌బోర్డు మీద ముఖ్యమైన మాట ఎర్ర సుద్దతో రాసే అలవాటు నాది. స్లైడ్లలో ముదురు నీలం వెనకతలం వేసి, సూత్రాలు ఎరుపులో పెట్టాను. కంప్యూటర్ మీద బాగానే ఉంది. వీడియోలో ఎరుపంతా అంచులు కరిగిపోయి, తడి గోడ మీద రాసిన రంగులా తయారైంది. పక్కనే తెల్ల అక్షరాలు మాత్రం చురుగ్గా ఉన్నాయి. కారణం తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది.

మన కంటికి వెలుగునీడల తేడా పట్టే చురుకుదనం రంగుల తేడా పట్టడంలో లేదు. ఆ బలహీనతను వీడియో వాడుకుంటుంది. ముందుగా ప్రతి చుక్కనూ వెలుగు ఒకటి, రంగు సమాచారం రెండుగా విడదీస్తారు. వెలుగును చుక్క చుక్కకూ ఉంచుతారు. రంగును మాత్రం 2 అడ్డం, 2 నిలువు చొప్పున 4 చుక్కలకు ఒకటే ఇస్తారు. చుక్కకు 3 బైట్లు కావాల్సింది ఒకటిన్నరకు దిగుతుంది. గుమాస్తా కలం పట్టకముందే సగం ఆదా.

ఇప్పుడు వెలుగు లెక్క. తెలుపు వెలుగు 100 అనుకుంటే అందులో హెచ్‌డీ వీడియో ప్రమాణం ప్రకారం ఆకుపచ్చ వాటా 72, ఎరుపుది 21, నీలానిది 7. నీలం మీద ఎరుపు రాశామంటే 7 మీద 21 రాసినట్టు. వెలుగులో ఆ రెండూ ఇరుగుపొరుగులు. వాటిని విడదీసి చూపించే భారమంతా రంగు మీదే పడుతుంది, ఆ రంగేమో నాలుగు చుక్కలకు ఒకటి. అంచు కరగక ఏమవుతుంది? పసుపు పెట్టి చూడండి. పసుపంటే ఎరుపూ ఆకుపచ్చా కలిసి 93. నీలం మీద 7కూ 93కూ పోటీ. రంగు మసకబారినా వెలుగే అక్షరాన్ని నిలబెడుతుంది. పసుపు పూసిన గడప మీద ముగ్గు కన్నా నీలి తలుపు మీద పసుపు బొట్టు దూరానికి కొట్టొచ్చినట్టు కనబడేది ఇందుకే.

మూలన కూర్చున్న ముఖం

స్లైడ్ కింద కుడిమూలన మాస్టారి ముఖం చిన్న కిటికీలో పెట్టడం ఇప్పుడు ఆనవాయితీ. నేనూ పెట్టి చూశాను. 27 ఎంబీ ఉన్న బొమ్మల వాటా ఎన్నో రెట్లు పెరిగింది. తెరలో ఇరవయ్యో వంతు కూడా లేని ముఖానికి ఇంత ఖర్చా అనుకున్నాను. నేను కదలకుండా కూర్చున్నా వెబ్‌క్యామ్ ఊరుకోదు. ట్యూబులైటు వెలుతురులో దాని సెన్సర్ ప్రతి ఫ్రేములోనూ ప్రతి చుక్కకూ కొద్దికొద్దిగా వేరే విలువ చెబుతుంది. నా వెనక ఉన్న సున్నం గోడ కూడా చీమలు పాకినట్టు కదులుతూ ఉంటుంది. అది గోడో, పాఠంలో ముఖ్యాంశమో గుమాస్తాకు తెలియదు. మారింది కాబట్టి రాస్తాడు. పెళ్ళి 6 జీబీ కావడానికి పెళ్ళికూతురి నగలొకటే కారణం కాదు, చీకటి మూలల్లో ఈ చీమలు కూడా.

మరి ముఖం పెట్టాలా వద్దా? ఎడెక్స్ అనే ఆన్‌లైన్ విద్యావేదికలో నాలుగు కోర్సులు చదివినవారు వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను ఫిలిప్ గువో, మరి ఇద్దరు పరిశోధకులు 2014లో పరిశీలించారు. ఉత్త స్లైడ్ల కంటే, మధ్యమధ్య మాట్లాడే మనిషి కనిపించే వీడియోలను ఎక్కువసేపు చూశారు. సల్మాన్ ఖాన్ తన ఖాన్ అకాడమీ పాఠాల్లో చేసినట్టు చేత్తో రాస్తూ చెప్పినవి కూడా ఉత్త స్లైడ్ల కంటే ఎక్కువగా పట్టి ఉంచాయి. వీడియో ఎంత పొడవున్నా సగం మంది 6 నిమిషాలకు మించి నిలవలేదు. నా 45 నిమిషాల పాఠం గురించి ఇక్కడ మాట్లాడుకోకపోవడమే మంచిది.

ముఖం పెట్టాలా అన్నదానికి నా జవాబు: మొదటి నిమిషం పెట్టండి, తర్వాత తీసేయండి. సూత్రం పక్కన ఒక తల ఊగుతుంటే పిల్లలు తలనే చూస్తారు.

ముఖమే లేకుండా పెద్ద ఎత్తున నడిచిన ప్రయత్నం ఐఐటీ బొంబాయిలో కన్నన్ మౌద్గల్య నాయకత్వంలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్. అక్కడ పాఠం సుమారు 10 నిమిషాలు. తెర మీద ఒక సాఫ్ట్‌వేర్ వాడి చూపిస్తారు, గొంతు వివరిస్తుంది. నేర్చుకునేవాడు తెరలో సగం పాఠానికీ సగం ఆ సాఫ్ట్‌వేర్‌కూ ఇచ్చి పక్కపక్కనే చేసుకుపోవాలి. తెర బొమ్మను ఇంగ్లీషులోనే ఉంచి మాటను మాత్రం తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి మారుస్తారు. ఉద్యోగంలో చూడబోయేది ఆ ఇంగ్లీషు మెనూలే కదా. తెలుగు చెప్పేవారికి రాతప్రతి రెండు నిలువు వరసల్లో ఉంటుంది: ఎడమ సమయం, కుడి మాట. తెలుగు వాక్యం ఇంగ్లీషు దానికంటే సాగుతుంది, బొమ్మ మాత్రం ఆగదు. హరికథలో తాళం తప్పకుండా వచనం చెప్పడం లాంటి విద్య అది.

రెండు గడియారాలు

మాట సంగతికి వద్దాం. మైకు గొంతును సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది. ఆ 48,000ను లెక్కపెట్టేది మైకులోనో సౌండ్ కార్డులోనో ఉన్న క్వార్ట్‌జ్ స్ఫటికం. ఫ్రేములను లెక్కపెట్టేది కంప్యూటర్‌లోని ఇంకో స్ఫటికం. రెండు ఇళ్ళ గోడ గడియారాలు ఎప్పుడైనా ఒక్కసారి గంట కొట్టాయా? వాటి మధ్య పది లక్షల్లో 50 పాళ్ళు తేడా ఉందనుకుందాం. గంట పాఠానికి 0.18 సెకను. మంచి సాఫ్ట్‌వేర్ ఈ తేడాను కనిపెడుతూ సర్దుకుపోతుంది. బొమ్మ ఒక పరికరంలో, గొంతు ఇంకో దాంట్లో రికార్డు చేసి తర్వాత అతికిస్తే సర్దేవాడు ఉండడు.

0.18 సెకను ఒక లెక్కా అంటే, ఏది ముందొచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. బొమ్మకంటే మాట 45 మిల్లీ సెకన్లు ముందొచ్చినా మనిషి గుర్తుపట్టగలడు. వెనకబడితే 125 దాకా పట్టుకోలేడు. ఇవి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన అంకెలు. ఎందుకీ పక్షపాతం? చెరువు అవతలి గట్టున రేవులో బట్ట బండ మీద పడడం ముందు కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. 100 మీటర్లకు దాదాపు 0.3 సెకను తేడా. పుట్టినప్పటి నుంచి వెనకొచ్చే చప్పుడుకు అలవాటు పడ్డాం. ముందొచ్చే చప్పుడు ప్రకృతిలో ఎక్కడా లేదు. స్లైడ్ పాఠంలో పెదవులు కనబడవు గనుక కొంత సాగుతుంది. కానీ "ఇప్పుడు చూడండి" అన్న మాట మార్పుకు ముందే పడితే విద్యార్థి పాత స్లైడ్‌లో వెతుకుతాడు.

గడియారాల గొడవ లేని దారి ఒకటుంది. పవర్‌పాయింట్ 1987లో మొదటిసారి మెకింటాష్ కోసం వచ్చింది. స్లైడ్లను వీడియోగా భద్రపరిచే సౌకర్యం 2010 వెర్షన్‌లో గానీ రాలేదు. ఆ మధ్యకాలంలోనే తెర రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు పెరిగాయి. వాటితో తీసే వీడియోలకు స్క్రీన్‌కాస్ట్ అన్న పేరు 2004లో జాన్ ఉడెల్ అనే రచయిత వాడుకలోకి తెచ్చాడు. పవర్‌పాయింట్ పద్ధతిలో తెరను ఎవరూ నకలు తీయరు. ఏ స్లైడ్ మీద ఎంతసేపు ఏం మాట్లాడామో విడివిడిగా దాచి, చివర్లో వీడియో వండుతుంది. 12వ స్లైడ్‌లో తప్పు దొర్లితే ఆ ఒక్కటే మళ్ళీ చెబితే చాలు. కాకపోతే స్లైడ్ మారే క్షణంలో మాట రికార్డవదు, నోరు మూసుకోవాలి. నాలాంటి ఆగని నోటికి అది కష్టం. పైగా స్లైడ్ వదిలి లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించాలంటే తెర రికార్డింగే దిక్కు.

ఏ దారిలో చేసినా ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో తలుపులేసుకుని, ఫ్యాన్ ఆపుకుని 20 నిమిషాలు కూలుంబ్ నియమం చెప్పినవారికి ఆవేశిత వస్తువుల బాధ అర్థమవుతుంది.

కరెంటు పోయిన రోజు

లాక్‌డౌన్ తర్వాతి సంగతి. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. స్టూడియో లేని మాలాంటివాళ్ళం ఇళ్ళలోనే రికార్డు చేసి పిల్లలకు పంపేవాళ్ళం. ఓ సాయంత్రం 29వ స్లైడ్ దగ్గర ఉండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది గానీ ఈ గదికి లైన్ ఇవ్వలేదు. కరెంటు వచ్చాక చూస్తే ఫైలు ఉంది, బరువూ 50 ఎంబీ దాకా ఉంది, తెరవబోతే తెరుచుకోదు.

మా పెళ్ళి వీడియో కత్తిరించిన కుర్రాడు నా పాత విద్యార్థే. వాడికి ఫోన్ చేశాను.

"ఏ ఫార్మాట్‌లో పెట్టారు సార్?"

"ఎంపీ4 రా. అందరూ అదేగా."

"అయ్యో సార్. సూచిక రాయకముందే పోయుంటుంది."

ఆపిల్ కంపెనీ క్విక్‌టైమ్ ఫైలు నుంచి పుట్టిన ఎంపీ4లో సరుకంతా ఒక పెట్టెలో, సూచిక ఇంకో పెట్టెలో ఉంటాయి. ఏ ఫ్రేము ఎన్నో బైటు దగ్గర మొదలవుతుంది, ఎంత పొడవు, ఏ క్షణంలో చూపాలి, మాట ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయి, అంతా సూచికలోనే. రికార్డింగ్ ముగిస్తే గానీ ఆ అంకెలన్నీ పూర్తిగా తెలియవు. కాబట్టి మామూలుగా సూచిక రాయడం చివరి పని. గుమాస్తా చిట్టా రాస్తూ రాస్తూ, ఏ పద్దు ఎక్కడుందో చెప్పే ఆవర్జా తెరవకముందే దీపం ఆరిపోయింది. చిట్టాలోనూ గీతలూ తేదీలూ లేవు. 50 ఎంబీ బైట్లు వరసగా ఉన్నాయి, ఎక్కడ ఏది మొదలో తెలియదు.

ఎంకేవీ అనే ఇంకో ఫార్మాట్ ఉంది. దాని అసలు పేరు రష్యన్ బొమ్మలో బొమ్మ నుంచి వచ్చింది. అందులో సరుకును చిన్నచిన్న మూటలుగా కట్టి, ప్రతి మూట మీదా దాని సమయం రాస్తూ పోతారు. మధ్యలో కరెంటు పోతే ఆఖరి మూట పోతుంది, మిగతాది నడుస్తుంది. ఓబీఎస్ స్టూడియో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఎంకేవీలో రికార్డు చేసుకుని తర్వాత ఎంపీ4గా మార్చుకునే ఏర్పాటు ఉంది. అది మళ్ళీ కుదించడం కాదు, సరుకును ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి సర్దడం మాత్రమే. గంట పాఠానికి అర నిమిషం పట్టదు, నాణ్యత పిసరంతైనా తగ్గదు.

మావాడు ఇంకో పాఠం ఫైలు అడిగాడు. అదే కంప్యూటర్‌లో, అవే సెట్టింగులతో, పూర్తిగా రికార్డయినది. ఆ మంచి ఫైలు సూచిక చూసి ఫ్రేములు మామూలుగా ఎలా మొదలవుతాయో, మాట ముక్కలు ఎలా ఉంటాయో నేర్చుకుని, చెడిన ఫైలును తడుముతూ కొత్త సూచిక కట్టే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయట. రాత్రి 11 గంటలకు ఫోన్ చేశాడు. "వచ్చింది సార్. చివర రెండు మూడు సెకన్లు పోయినట్టుంది."

విన్నాను. 29వ స్లైడ్, రెండు ఆవేశాలు, మధ్యలో గీత. బాణం గుర్తు ఆ గీత మీద ఉంది. "ఈ దూరాన్ని రెట్టింపు చేశామనుకోండి, అప్పుడు బలం" అన్నంత వరకు ఉంది. మర్నాడు అక్కడి నుంచి అందుకుని, ఈసారి ఎంకేవీలో మిగతా 9 స్లైడ్లూ చెప్పాను. మావాడు అతుకు తెలియకుండా కలిపాడు. బొమ్మలో ఎంత వెతికినా తెలియదు. కానీ ఫ్యాన్ ఆపి చెమటలు కక్కిన దానికి రాత్రికి రాత్రే జలుబు పట్టింది. బలం నాలుగో వంతు అవుతుందని చెప్పేది ముక్కు దిబ్బడ పడిన గొంతు.